పదకొండో అంతస్తు కుక్క

నీలగగన టవర్స్ పదకొండో అంతస్తులో ఇంటిపని చేసే చంద్రకళను వానాకాలం మొదట్లో కుక్కగా నమోదు చేశారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఆమె యజమానురాలు వైదేహి గారి కుక్క ఆస్కార్ ఎండాకాలంలో చనిపోయింది. దాని సామానంతా ఇంట్లో అలాగే ఉండిపోయింది: రాలే వెంట్రుకలు తీసే బ్రష్షు, చిక్కులు విడదీసే ఇనుప దువ్వెన, గోళ్ల కత్తెర, వేప షాంపూ, చెవులు తుడిచే మందు, వేలికి తొడుక్కుని పళ్లు తోమే రబ్బరు బ్రష్షు. కింద కుక్కల సెలూన్‌లో సభ్యత్వం కూడా ఇంకా నడుస్తోంది. వైదేహి గారికి ఏదీ వృథా చేయడం ఇష్టం ఉండదు. అందుకే ఆస్కార్ చోట చంద్రకళ పేరు రాయమని అసోసియేషన్‌ను అడిగారు.

అసోసియేషన్ సెక్రటరీ రామశేషయ్య గారు నియమావళి తిరగేశారు. ఒక ఫ్లాట్‌ను కనిపెట్టుకుని ఉండేది, ఆ ఇంట్లో మిగిలింది తినేది, చెప్పకుండా గేటు దాటనిది, ఫ్లాట్ నంబరు చెబితే తప్ప వాచ్‌మన్ గుర్తుపట్టనిది కుక్క అని అందులో ఉంది. కాళ్లెన్ని ఉండాలో రాయలేదు.

"నేను మనిషిని సార్," అంది చంద్రకళ.

"కాదని ఎవరన్నారమ్మా. మనిషిగానే ఉంటానంటే ఉండు, మెట్లెక్కి వెళ్లు. కుక్కలైతే ఓనర్లు ఎక్కే పెద్ద లిఫ్టులో వెళ్లొచ్చు. వాటిని ఆపితే మా మీద కేసవుతుంది."

పనివాళ్ల లిఫ్టు చెడిపోయి చాలా రోజులైంది. దాన్ని బాగుచేయించే సంగతి ప్రతి మీటింగులోనూ తర్వాతి మీటింగుకు వాయిదా పడుతోంది. చంద్రకళ కుడి మోకాలు సాయంత్రానికల్లా వాచిపోతోంది. ఆ నియమావళి తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు.

"ఆ మెడబెల్టు ఇయ్యిండ్రి," అంది.

సెలూన్‌లో ఫిరోజా అనే అమ్మాయి ఆమెను బల్ల ఎక్కమంది. వివరాలేమీ అడగలేదు. గోరువెచ్చని నీళ్లతో తల రుద్దింది, చెవులు తుడిచింది, గిన్నెల సబ్బుకు పగిలిన వేళ్ల మీద కుక్క పంజాలకు రాసే మైనం రాసింది. మోకాలు నొక్కి చూసి, శనివారం డాక్టర్ వస్తాడనీ, సభ్యులందరినీ చూస్తాడనీ చెప్పింది. తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎంత కాలమైందో చంద్రకళకు గుర్తు రాలేదు. హాయిగా ఉంది. ఆ హాయి మీదే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఈ వేణ్నీళ్లు, ఈ మెత్తటి తువ్వాలు, ఈ డాక్టరు ఇన్నేళ్లుగా ఈ బిల్డింగులోనే ఉన్నాయి.

"ఇంత మంచిగ ఎందుకు చేస్తున్నవ్?" అని అడిగింది.

"సరిగ్గ చెయ్యకుంటే ఓనర్లు కంప్లెయింట్ చేస్తరక్కా."

ఆ రోజు నుంచి ఆమె పెద్ద లిఫ్టులో వెళ్లింది. ఎన్నడూ కళ్లెత్తి చూడనివాళ్లు జరిగి చోటిచ్చారు. సోఫాలో కూర్చుంటే వైదేహి గారు ఏమీ అనలేదు. విడిగా ఉండే స్టీలు గ్లాసు పోయి గిన్నె వచ్చింది గానీ, గిన్నె మీద ఆమె పేరు రాయించారు. అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం మామూలే. కుక్క అంట్లెందుకు తోముతోందని ఎవరూ అడగలేదు. అంతకుముందు మనిషి మెట్లెందుకు ఎక్కుతోందనీ ఎవరూ అడగలేదు.

ఒక ఉదయం లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి, పక్కన మెట్ల మీద మమత కూలబడి ఉంది. తొమ్మిదో అంతస్తులో వంట చేస్తుంది. ఏడో నెల. పెదాలు తెల్లబడ్డాయి. చంద్రకళ ఆమెను చేయి పట్టుకుని లేపి, తిన్నగా ఆఫీసుకు తీసుకెళ్లింది.

"సార్, కడుపుతోని ఉంది. కాన్పయ్యేదాకన్న లిఫ్టెక్కనియ్యిండ్రి."

"మనుషుల విషయం జనరల్ బాడీలో పెట్టాలమ్మా," అన్నారు రామశేషయ్య గారు ఓపిగ్గా. "పెట్టినా కోరం రాదు."

"ఆరో అంతస్తు కుక్క ఈనేటప్పుడు లిఫ్టుల పరుపేసిండ్రు గదా."

"అది కుక్క."

చంద్రకళ మెడలో బెల్టు విప్పి ఆయన టేబుల్ మీద పడేసింది. "మీరు రాసుకున్నదాంట్ల సిగ్గు గురించి ఏమన్న ఉందా సార్?"

రామశేషయ్య గారు కళ్లద్దాలు సర్దుకుని నిజంగానే వెతికారు. లేదని చెప్పారు.

ఆ రోజు ఆమె మమతతో కలిసి మెట్లే ఎక్కింది. నాలుగో అంతస్తు దగ్గర మోకాలు మొరాయించింది. ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"అక్కా, నన్ను గూడ రాయించు," అంది మమత.

"నోర్ముయ్. ఏమని రాయించాలె?"

"ఏమని రాసుకుంటే ఏంది. నేను పైకి పోవాలె."

చంద్రకళ గోడ పట్టుకుని లేచి, మమతతో పాటు మెట్లు దిగింది.

ఫ్లాట్‌కు ఒక కుక్కనే ఒప్పుకుంటారు; తొమ్మిదో అంతస్తువాళ్లకు కుక్క లేదు గనక అభ్యంతరం రాలేదు. రామశేషయ్య గారు ముందు చంద్రకళ బెల్టు తుడిచి ఆమెకు తిరిగి ఇచ్చారు. తర్వాత మమతకు నియమాలు చదివి వినిపించారు. జుట్టు చిక్కు ఉండకూడదు. చెవులు శుభ్రంగా ఉండాలి. గోళ్లు పెరిగి ఉంటే నమోదు కుదరదు.

"సార్, మరి పుట్టేది?" అని అడిగింది మమత భయంభయంగా.

"దానికి వేరే దరఖాస్తు అక్కర్లేదమ్మా. కుక్కకు పుట్టింది కుక్కే. టీకాలు, డాక్టరు, లిఫ్టు అన్నీ మొదటి రోజు నుంచే."

మమత ముఖం వెలిగింది. కడుపు మీద చెయ్యి వేసుకుని, "విన్నవా అక్కా, నా బిడ్డకు మెట్ల బాధ లేదంట," అంది.

చంద్రకళకు నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. కానీ మమత కాలిగోళ్లు పెరిగి ఉన్నాయి, ఆమె వంగలేదు కూడా ఆ కడుపుతో. చంద్రకళ సెలూన్‌కు వెళ్లి కత్తెర అడిగి తెచ్చింది. నేల మీద కూర్చుని, మమత పాదం ఒళ్లోకి తీసుకుని, పళ్లు బిగబట్టి ఒక్కొక్క గోరూ కత్తిరించసాగింది.