డోరీన్ హ్లుష్కో విజయగాథ

"ఈ రోజు నుంచి మన ప్రావిన్స్‌లో లావుపాటి మనిషి అంటూ ఎవరూ ఉండరు" అని ఆరోగ్యశాఖ మంత్రి గౌరవనీయ బ్రెంట్ హాల్వర్సన్ గారు శాసనసభ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. విలేకరులు బిత్తరపోయారు. అంతమందిని ఒక్క రోజులో ఎలా తగ్గించారని ఒకామె అడిగింది. మంత్రిగారు ఓర్పుగా నవ్వి, ఎవర్నీ తగ్గించలేదనీ, ఆ మాటనే ప్రభుత్వ కాగితాల్లోంచి తీసేయించామనీ వివరించారు. ఇకమీదట అలాంటివారిని ఆసుపత్రుల్లో "ఆరోగ్య ప్రయాణికులు" అని మాత్రమే పిలవాలి. కాదని పాత మాట వాడిన డాక్టర్లూ నర్సులూ ఒక పూట శిక్షణకు వెళ్ళి, క్షమాపణ చెప్పడం నేర్చుకుని రావాలి.

ఇలాంటి ఆలోచన అందరికీ వచ్చేది కాదు. హాల్వర్సన్ గారు ఒకప్పుడు హాకీ ఆడిన మనిషి. ఇప్పటికీ తెల్లవారుజామున, మంచు పడుతున్నా సరే, నది ఒడ్డున పరిగెడతారు. ఆయన ముందు ఫొటోగ్రాఫరు కెమెరా పట్టుకుని వెనక్కి పరిగెడతాడు. ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యవంతులో చెప్పడం కష్టం గానీ, పేపర్లో పడేది మాత్రం మంత్రిగారే.

ఈ ప్రకటనని డోరీన్ హ్లుష్కో బ్రియర్‌డేల్‌లో తన వంటింట్లో కూర్చుని టీవీలో చూసింది. ఆమె ఆ ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. మనిషి భారీ. బస్సులో డ్రైవరు సీటు ఒక్కటే ఆమెకి ఊళ్ళో సరిపోయే కుర్చీ. బ్యాంకులో, సినిమా హాల్లో, డాక్టరు దగ్గరా ఆమె నిలబడే ఉంటుంది, ఎవరైనా కూర్చోమంటే "పర్లేదండీ, పొద్దస్తమానం కూర్చునే ఉంటాగా" అంటుంది. ఆ వేళ ఆమె ముందున్న పళ్ళెంలో రొట్టె ముక్క సూప్‌లో నాని నాని విడిపోయింది. అయినా ఆమె నోట్లో పెట్టుకోలేదు.

ముద్ద దిగడం లేదు. వసంతంలో మొదలైంది. మొదట రొట్టె రొమ్ము మధ్యలో ఆగి, నీళ్ళు తాగితే దిగేది. తర్వాత మాంసం ఆగింది. ఇప్పుడు బంగాళదుంప కూడా ఆగుతోంది. డోరీన్ వాళ్ళ నాన్నకీ ఇదే వరసలో మొదలైంది, ముందు రొట్టె, తర్వాత మాంసం. ఆ తర్వాత సంగతి ఆమె మొగుడు నెస్టర్‌తో కూడా అనలేదు. కానీ భయంగా ఉంది. రాత్రిళ్ళు మింగడానికి ఏమీ లేకపోయినా మింగి చూసుకునేది.

అలాగని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదని కాదు. డాక్టర్ పెన్నర్ మంచివాడు. ఊళ్ళో ఉన్నది ఆయనొక్కడే, హాల్లో దగ్గేవాళ్ళు మాత్రం బోలెడుమంది. అందుకని గోడకి పెద్దక్షరాలతో బోర్డు పెట్టించాడు: "ఒక విజిట్‌కి ఒక సమస్య మాత్రమే." డోరీన్‌తో వచ్చిన చిక్కల్లా, ఆమె ఏ సమస్యతో వచ్చినా, దానికన్నా ముందే ఇంకో సమస్య తలుపులోంచి కనబడేది. చెవిపోటని వెళితే పంచదార మానేయమన్నారు. తేనెటీగ కుట్టిందని వెళితే రోజూ నడవమన్నారు. ఆమె థాంక్స్ చెప్పి, వాచిన చేత్తోనే బస్సు నడుపుకుంటూ ఇంటికొచ్చింది.

ఈసారి దారి పొడుగునా ఒక్క వాక్యం బట్టీ పట్టి వెళ్ళింది.

"డాక్టర్ గారూ, ముద్ద దిగట్లేదు. ఇదిగో, ఇక్కడ ఆగిపోతోంది."

"అంటే తిండి గురించి మాట్లాడదామని వచ్చారన్నమాట" అన్నాడు పెన్నర్, కుర్చీ ముందుకు లాక్కుని.

"తిండి గురించి కాదండీ, గొంతు..."

"మీ అంతట మీరే తిండి ఊసెత్తారు చూశారా, అది నాకు నచ్చింది. చాలామందికి ఆ ధైర్యం ఉండదు." ఆయన అప్పుడే శిక్షణ నుంచి వచ్చాడు కాబట్టి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "ముందుగా, వైద్య వృత్తి తరఫున మీకు క్షమాపణ చెబుతున్నాను. ఇన్నాళ్ళూ మిమ్మల్ని గౌరవించలేదు. మీరొక ఆరోగ్య ప్రయాణికురాలు. బరువు తగ్గండి."

"మరి గొంతు సంగతండీ?"

పెన్నర్ బాధగా బోర్డు వైపు చూశాడు. డోరీన్‌కి కూడా ఆయన మీద జాలేసింది. హాల్లో ఒక పిల్లాడు ఆపకుండా దగ్గుతున్నాడు. "సారీ అండీ" అని లేచి వచ్చేసింది.

ఆయన ఊరికే వదిలేయలేదు. కౌంటీలో కొత్తగా వెలిసిన మంత్రిగారి సగౌరవ ఆరోగ్య ప్రయాణ కేంద్రానికి పంపాడు. అలాంటి కేంద్రం దేశంలోనే ఇంకోటి లేదని ప్రభుత్వం చెప్పుకుంది, చూసినవాళ్ళెవరూ కాదనలేదు. కుర్చీలకి చేతులుండవు, ఒక్కోదాంట్లో ఇద్దరు కూర్చోవచ్చు. గోడ మీద సన్నటి మనుషుల బొమ్మలుండవు. బరువు చూసే గదికి కిటికీలు కూడా ఉండవు. కేంద్రం మాత్రం మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లెక్కడం కూడా ప్రయాణంలో భాగమేనని మంత్రిగారే స్వయంగా సెలవిచ్చారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొదటి అంతస్తులో ఆగి, అక్కడి పళ్ళ డాక్టరు గది బయటి బల్ల మీద కూర్చుని, వెనక్కి వెళ్ళిపోయేవారు. రానివాళ్ళని "ఇంకా మనసు సిద్ధపడనివారు" అని రాసుకునేవారు.

డోరీన్ ఎక్కింది. పైన మెలనీ అనే సలహాదారు చేతులు చాచి ఎదురొచ్చింది. "మీ కథ చెప్పండి. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు."

"ముద్ద దిగట్లేదమ్మా."

మెలనీ కళ్ళు చెమర్చాయి. "మీ శరీరం మీతో మాట్లాడుతోంది, మీరు వింటున్నారు. కొంతమందికి ఇది తెలిసిరావడానికి ఏళ్ళు పడుతుంది."

"వింటున్నాను గానీ, అదేమంటోందో ఎవరైనా డాక్టరు చూస్తే బావుంటుందేమోనని..."

"డాక్టర్లు తీర్పులు చెబుతారు. మేం మీతో కలిసి నడుస్తాం."

బరువు చూస్తే తగ్గింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఇంకా తగ్గింది. కేంద్రంలో ఒక ఇత్తడి గంట వేలాడదీశారు, బరువు తగ్గినవాళ్ళు దాన్ని మోగించాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. మిగతావాళ్ళు ఆ గంట వైపు ఆశగా చూసి వెళ్ళిపోయేవారు. డోరీన్ వెళ్ళిన ప్రతిసారీ మోగించింది. గంట కొడుతూ కూడా ముద్ద సంగతి చెప్పబోయేది గానీ, చప్పట్లలో ఎవరికీ వినబడేది కాదు.

పుట్టి బుద్ధెరిగాక ఆమెని చూసి ఇంతమంది సంతోషించడం ఇదే మొదటిసారి. అది ఆమెకి బాగుండేది, కాదంటే అబద్ధం. పోస్టాఫీసులో ఆడవాళ్ళు "ఎంత చక్కగా అయ్యావే!" అనేవారు. బ్యాంకులో కుర్చీ వేశారు, కూర్చుంది, సరిపోయింది. ఇంటికొచ్చి ఆ సంగతి నెస్టర్‌కి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

శరదృతువు వచ్చింది, దానితో పాటు ఎన్నికల గాలి కూడా వచ్చింది. మంత్రిగారి ప్రచారాధికారిణి కెండ్రా ఒక విజయగాథని వెతుక్కుంటూ వాళ్ళింటికి దిగింది. ఫొటోగ్రాఫరు డోరీన్‌ని ఆమె పాత ప్యాంటు ఒకే కాలులో రెండు కాళ్ళూ పెట్టి నిలబడమన్నాడు.

"ఇది సరిగ్గా తిండి తినట్లేదమ్మా" అన్నాడు నెస్టర్ గుమ్మంలోంచి.

"అదే అండీ మనం చెప్పాల్సింది! ఆ మాట మళ్ళీ అనండి, ఈసారి కొంచెం గర్వంగా."

"గర్వమేంటి? తినలేకపోతోందంటున్నా. రాత్రి బంగాళదుంప కూరిన పెరోగీ సగం ముక్క పెడితే కక్కేసింది."

"పెరోగీని కూడా కాదనుకున్నారా!" కెండ్రా చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉక్రేనియన్ ఇంట్లో! మంత్రిగారికి ఇది చెప్పి తీరాలి."

వారం తిరిగేసరికి పోస్టరు వచ్చింది. ప్రావిన్స్‌లో ప్రతి ఆసుపత్రి గోడ మీదా డోరీన్ ఒక ప్యాంటు కాలులో నిలబడి నవ్వింది. కింద, "ఈమె బరువు తగ్గడానికి కారణం: మంత్రిగారి ఆరోగ్య ప్రయాణ పథకం." దాని కింద చిన్న అక్షరాల్లో, "వైద్య పర్యవేక్షణ: డాక్టర్ పెన్నర్." ఆయన పేరు వేసుకోవచ్చా అని ఫోనులో అడిగారు. హాల్లో జనం ఉన్నారు, ఆయన సరేనన్నాడు.

సన్మానం చర్చి హాల్లో, ఫాల్ సప్పర్ రోజున పెట్టారు. కోతలు అయిపోయాక ఊరంతా కూర్చుని తినే విందు అది. టర్కీ, గ్రేవీ, క్యాబేజీ రోల్స్, పెరోగీలు, ఒక బల్ల నిండా గుమ్మడికాయ తీపి రొట్టెలు. ఆరోగ్యకరమైన తూకం గురించి మాట్లాడడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని మంత్రిగారు, రెండో తీపి రొట్టె ముక్కకి చెయ్యి చాస్తూ, అభిప్రాయపడ్డారు.

వంటింట్లో పెరోగీలు మడిచింది డోరీనే. ఎన్నో ఏళ్ళుగా ఆ పని ఆమెదే. ఈసారి ఉప్పు సరిపోయిందో లేదో పక్కావిడని అడిగింది.

మైకు ముందుకు నడుస్తున్నప్పుడు ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ బోర్డు లేదు. హాల్లో ఎవరూ దగ్గట్లేదు. మంత్రి ఉన్నారు, డాక్టరు ఉన్నాడు, నోళ్ళ నిండా తిండి ఉంది కాబట్టి ఎవరూ మధ్యలో అడ్డం రారు. చెప్పాల్సింది చెబితే ఇప్పుడే చెప్పాలి.

మంత్రిగారు జ్ఞాపిక అందించి, భుజం మీద చెయ్యి వేశారు. "డోరీన్ గారూ, ప్రజలంతా తెలుసుకోవాలనుకుంటున్నారు. మీ సీక్రెట్ ఏమిటి?"

"సీక్రెట్ ఏమీ లేదండీ" అంది డోరీన్. "వసంతం నుంచి నాకు ముద్ద దిగట్లేదు. ముందు రొట్టె ఆగింది, తర్వాత మాంసం ఆగింది. మా నాన్న ఇలాగే పోయాడు. అందరికీ చెప్పాను. నాకు భయంగా ఉంది. ఎవరైనా ఒక్కసారి చూస్తారా?"

ఎవరి చేతిలోంచో చెంచా పళ్ళెంలో పడింది. మంత్రిగారు తల వంచుకున్నారు. చలించిపోయారని అందరూ అనుకున్నారు, నిజంగానే చలించిపోయారు.

"విన్నారా!" అన్నారు మైకు అందుకుని. "తండ్రి పోయిన బాధ! మనసులో భయం! అయినా ప్రయాణం ఆపలేదు ఈ తల్లి!"

ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కేంద్రం నుంచి ఇత్తడి గంట కూడా తెచ్చారు. అది డోరీన్‌ చేతికిచ్చారు. ఆమె అలవాటు కొద్దీ మోగించింది.

లేవనిది ఒక్క డాక్టర్ పెన్నర్. ఆయన ఫోర్కు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. జనం పల్చబడ్డాక గోడ వారగా నడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇది నాకెందుకు చెప్పలేదు డోరీన్ గారూ?"

"చెప్పానండీ."

ఆయన జ్ఞాపిక మీద పడ్డ గ్రేవీ మరకని వేలితో తుడిచాడు. "సోమవారం రండి. అందరికన్నా ముందు."

సోమవారం ఆయన బోర్డు తీసి గోడ వైపుకి తిప్పి పెట్టాడు. మొదటిసారి ఆమె గొంతు, మెడ, పొట్ట అన్నీ చేత్తో నొక్కి చూశాడు. ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది అని అడిగి, చెప్పిందంతా విన్నాడు. తర్వాత నగరంలో గొట్టం వేసి లోపల చూసే స్పెషలిస్టు ఆఫీసుకి ఫోను చేశాడు. చేతులకి రాసే పని ఉంది కాబట్టి ఫోను స్పీకరులో పెట్టాడు. నెస్టర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అర్జెంటండీ" అన్నాడు పెన్నర్. "ముద్ద దిగట్లేదు. తండ్రికి ఇదే జబ్బు."

"కారణం తెలియకుండా బరువు తగ్గారా?" అంది అవతలి ఆడగొంతు. "తగ్గితే ఈ వారమే. లేకపోతే వచ్చే వేసవికి."

"తగ్గారు. చాలా."

"మంచిది, ఈ వారం రాసేస్తున్నాను. పేరు చెప్పండి."

"డోరీన్ హ్లుష్కో."

"అయ్యో, ఆవిడా! మా లిఫ్టు పక్కనే ఉందండీ ఆ పోస్టరు, రోజూ చూస్తుంటా. మరి కారణం తెలియదంటారేంటి? కింద రాసుందిగా."

"ఆ పోస్టరు తప్పమ్మా."

"ప్రభుత్వ ముద్ర ఉందండీ, తప్పెలా అవుతుంది? కారణం తెలిసిన తగ్గుదల అని వేస్తున్నాను. వేసవికి రమ్మనండి."

"నేను డాక్టర్ని, చెబుతున్నాను..."

"మీరే కదండీ డాక్టర్ పెన్నర్? మీ పేరు కూడా ఉంది దాని మీద."

పెన్నర్ కలం పక్కన పెట్టేశాడు. అవతలి గొంతు కాస్త తగ్గింది. "ఏమనుకోకపోతే ఒక్క మాట. ఆవిడ మీ దగ్గరే ఉన్నారా? ఏం తింటారో కొంచెం అడిగి చెబుతారా? నేనూ ఎప్పట్నుంచో ప్రయత్నిస్తున్నా, ఒక్క కిలో తగ్గట్లేదు."

అడిగినవాళ్ళకి జవాబివ్వకపోవడం డోరీన్‌కి చేతకాదు. ఆమె బల్ల మీదికి వంగింది.

"ఇప్పుడు సూప్ ఒక్కటేనమ్మా. అది కూడా నిన్న రాత్రి నుంచి దిగట్లేదు."

"ఒక్క నిమిషం ఉండండి" అంది అవతలి గొంతు. "రాసుకుంటున్నాను."