రహదారి చుట్టరికం

మనిషిని చూసి మనిషి ఎందుకు బెదురుతాడన్న ప్రశ్నకు ఎట్టకేలకు జవాబు దొరికింది. వేదాంతులకు దొరకలేదు, వైద్యులకు దొరకలేదు, రహదారి శాఖవారికి దొరికింది. లారీ డ్రైవరు పోలీసును చూసి బెదరడానికి కారణం పోలీసూ కాదు, లారీ కూడా కాదు, ఇద్దరి మధ్యా ఉన్న పరాయితనమేనని ఒక ఉన్నత స్థాయి సంఘం తేల్చింది. (సంఘంలో డ్రైవర్లెవరూ లేరు. పిలిచారు గానీ, దారిలో తనిఖీకి ఆపడం వల్ల వాళ్ళు రాలేకపోయారు.) పోలీసులకూ డ్రైవర్లకూ మధ్య సత్సంబంధాలు నెలకొల్పాలని సంఘం సిఫారసు చేసింది. ఆ సిఫారసు పైనుంచి కిందికి దిగే క్రమంలో ఏ బల్ల దగ్గరో 'సత్' రాలిపోయి, 'సంబంధాలు' మాత్రం మిగిలింది. శాఖవారు వెంటనే రోడ్డు మీదున్న ప్రతి పోలీసునూ దారినపోయే ప్రతి డ్రైవరుకూ చుట్టంగా ప్రకటించారు.

ఆ రోజు నుంచి 'సోదా' అనే మాట రద్దయింది. లారీ ఆపి, ఎక్కి, కెలికి, దిగే కార్యక్రమానికి 'చుట్టపుచూపు' అని పేరు పెట్టారు. కానిస్టేబుళ్ళు బాబాయిలయ్యారు. హెడ్డులు మేనమామలయ్యారు. ఇన్‌స్పెక్టరూ ఆ పైవారూ పెదనాన్నలు. వీరిలో ఎవరినైనా 'సార్' అని పిలిస్తే, అది అయినవాళ్ళను పరాయివాళ్ళలా చూడటం కిందికి వస్తుంది గనక నేరం.

ఈ సంగతులేవీ నిదానానికి తెలియవు. నిదానం అంటే మనిషే. అంత లారీనీ నిద్రపోతున్న పసిపిల్లను మోస్తున్నట్టు నడుపుతాడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరు. ఏళ్ళ తరబడి అదే పేరుతో పిలిచి పిలిచి అసలు పేరు ఏమిటో భార్య కూడా తడుముకునే స్థితికి తెచ్చారు.

ఆ ఉదయం అతని లారీ నిండా ఐసు దిమ్మలున్నాయి. రేవులోని ఐసు ఫ్యాక్టరీ యంత్రం చెడిపోయింది. చెడిపోయిన రోజే, నెలల తరబడి ఖాళీ వలలు ఈడ్చుకొచ్చిన బావమరిది పడవ నిండుగా చేపలతో ఒడ్డుకొచ్చింది. పొరుగూరి నుంచి ఐసు తెచ్చిపెట్టమని అతను బావను బతిమాలాడు. దిమ్మల మధ్య రంపపు పొట్టు దట్టించి, పైన పరదా బిగించి, మధ్యాహ్నానికల్లా రేవు చేరాలని నిదానం బయల్దేరాడు. భార్య కూడా క్యాబిన్లోకి ఎక్కి కూర్చుంది.

"మీరొక్కరే వెళితే ఎవరు చెయ్యెత్తినా ఆపేస్తారు. ఇవాళ మా తమ్ముడి బతుకు ఇందులో ఉంది," అంది.

మొదటి చెయ్యి ఊరు దాటగానే లేచింది. రోడ్డు పక్క డేరా, డేరాలో కుర్చీలు, కుర్చీల ముందు చేతులు చాచి నిలబడ్డ ఒక కానిస్టేబుల్.

"దిగు నాన్నా, దిగు! ఎన్నాళ్ళైంది చూసి!"

నిదానం జీవితంలో ఆ మనిషిని చూసి ఎరగడు. కాగితాలు తీసి పట్టుకుని దిగాడు. "ఇవిగో సార్."

కానిస్టేబుల్ ముఖం వాడిపోయింది. "సార్ ఏంటి? నేను నీకు బాబాయిని."

"ఎవరి తరఫున సార్?"

"రోడ్డు తరఫున."

అలవాటు చొప్పున నిదానం చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. బాబాయి చెవులు మూసుకున్నాడు, కళ్ళు మూసుకోవాల్సింది పోయి. "ఛ ఛ! మన మధ్య డబ్బులేంటి? ఇంతకీ ఏం తెచ్చావు?"

"ఐసు... బాబాయ్."

"ఇంత ఎండలో చుట్టం ఐసు తెస్తే వద్దంటే బాగుంటుందా!" పరదా విప్పి, ఒక దిమ్మ దింపించి, డేరాలోని నీళ్ళ డ్రమ్ములో వేయించాడు. విప్పిన పరదా మళ్ళీ కట్టించడం ఏ బంధుత్వంలోనూ లేదు గనక అది నిదానమే కట్టుకున్నాడు.

తర్వాత కుశల ప్రశ్నలు. బాబాయి నిదానం భార్య వైపు తిరిగాడు. "బాగున్నావా అమ్మా?"

"బాగున్నాను."

"ఆధారం?"

"ఇంతసేపు ఎండలో నిలబెట్టారు, ఇంకా పడిపోలేదు. ఇంతకన్నా ఏం కావాలి?"

బాబాయి సంతృప్తి చెందాడు. కానీ బయల్దేరతామన్న చుట్టాన్ని 'అప్పుడేనా' అని కనీసం మూడుసార్లు ఆపాలని నిబంధన. రెండు 'అప్పుడేనా'ల మధ్య ఆప్యాయతకు తగినంత వ్యవధి ఉండాలి. (తగినంత అంటే ఎంత అని ఒక డ్రైవరు అడిగాడట. అతను ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. నిదానానికి మంచినీళ్ళ గ్లాసు అందించింది అతనే.)

మొదటి 'అప్పుడేనా'కూ రెండో దానికీ నడుమ బావమరిది ఫోను చేశాడు.

"బావా, ఎక్కడున్నారు?"

"మా బాబాయి దగ్గర."

"నీకు బాబాయెక్కడున్నాడు బావా?"

"ఇవాళే తెలిసింది," అన్నాడు నిదానం.

రెండో డేరా దగ్గర హెడ్డు ఉన్నాడు. లారీ వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. కాగితాలు చాపితే చూడలేదు. నమస్కారం పెడితే మెడ ఇంకాస్త అటు తిప్పాడు. పక్కనున్న కానిస్టేబుల్ నిదానం చెవిలో చెప్పాడు: "మేనమామ అలిగారు."

"ఎందుకు?"

"ముందు డేరా నుంచి వైర్‌లెస్‌లో తెలిసింది. అక్కడ చాలాసేపు కూర్చున్నారట. అలక తీరేదాకా బండి కదపడానికి లేదు. అలిగిన అధికారి వెంటనే లొంగకూడదు కూడా. హోదాకి తగ్గట్టు లొంగాలి."

నిదానం భార్య కొంగు దోపుకుని ముందుకొచ్చింది. పిల్లలనూ, మొగుణ్ణీ, బేరగాళ్ళనూ బతిమాలి దారికి తెచ్చిన మనిషి ఆవిడ.

"మావయ్యా, అన్నం తిన్నావా?"

వీపు జవాబు చెప్పింది. "నా తిండి ఎవరికి కావాలి? బాబాయికి ఐసు ఇచ్చారట."

"నీకూ ఇస్తాం మావయ్యా."

"అడిగితే ఇచ్చేది నాకొద్దు."

"అడగలేదులే. మేమే ఇస్తున్నాం."

"వాడికి ఇచ్చినంతేనా?"

రెండు దిమ్మలు దిగాయి. అయినా హోదా ఇంకా పూర్తిగా లొంగలేదు. వెనక లారీలు బారులు తీరాయి. కోళ్ళ లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, మీ మావయ్యను తొందరగా లొంగదియ్యవా! నా కోళ్ళు ఇక్కడే గుడ్లు పెట్టేస్తున్నాయి!"

హెడ్డు చప్పున ఇటు తిరిగాడు. అలకలోనూ కర్తవ్యం మరవని మనిషి. "గుడ్లా? కాగితాల్లో కోళ్ళని మాత్రమే ఉంది కదా?" అని లేచి ఆ లారీ వైపు నడిచాడు. కోళ్ళ లారీ డ్రైవరు తన నాలుకను తానే కరుచుకున్నాడు. ఆ సందులో నిదానం బండి తీశాడు. లారీ వెనక రోడ్డు మీద సన్నటి తడి గీత సాగుతోంది. అద్దంలో దాన్ని చూసి అతను, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి, వేగంగా నడిపాడు. భార్య పక్కనున్న కమ్మీ గట్టిగా పట్టుకుంది.

రేవు ఇంకా కొద్ది దూరముందనగా పెదనాన్న డేరా వచ్చింది.

ఇన్‌స్పెక్టరు మంచి మనిషి. ఈ విషయం అందరూ ఒప్పుకుంటారు. జాలిగుండె. అతని డేరాలో ఒక ఫ్యాను కూడా ఉంది. నిదానం దంపతులను ఫ్యాను కింద కూర్చోబెట్టి, మూడు 'అప్పుడేనా'లనూ వరసగా అనేసి, "ఇక వెళ్ళిరండి," అన్నాడు. నిదానం లేవబోతుండగా భార్య ఫోను మోగింది.

"అక్కా, పైవరస చేపలు పోయాయి. కిందవి ఇంకా పనికొస్తాయి. తొందరగా రండక్కా," అన్నాడు తమ్ముడు. పెద్దవాడయ్యాక అతని గొంతు అలా వణకడం ఆవిడ వినలేదు. ఫోను పెట్టేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇన్‌స్పెక్టరు చలించిపోయాడు. "కూర్చోండి."

"వెళ్ళమన్నారు కదా పెదనాన్నా?"

"ఆడపిల్లను కంటతడితో సాగనంపకూడదు. నిబంధన అని కాదు, నా మనసు ఒప్పుకోదు. (నిబంధన కూడా ఉంది.) ఏడుపు ఆగాక వెళుదురుగాని."

"మీరు వెళ్ళనిస్తే ఆగుతుంది," అందావిడ.

"ఆగితే వెళ్ళనిస్తాను."

ఆవిడ ముఖం కడుక్కుని వచ్చి నవ్వింది. ఇన్‌స్పెక్టరు తల వంచి ఆ నవ్వును పరిశీలనగా చూశాడు. "ఇది మనస్ఫూర్తిగా వచ్చింది కాదమ్మా. పోలీసు ఉద్యోగంలో ఇన్నేళ్ళున్నాను, ఎవరు భయపడి నవ్వుతున్నారో నాకు తెలియదా?" ఆవిడ మళ్ళీ నవ్వింది. ఈసారి మధ్యలోనే ఏడుపొచ్చేసింది. డేరా బయట లారీ కింద చిన్న కాలవ కట్టింది. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి అందులో హాయిగా పడుకుంది.

నిదానం కుక్కను చూశాడు, భార్యను చూశాడు, లేచి నిలబడ్డాడు. తర్వాత తను మాట్లాడింది అతనికే పరాయి గొంతులా వినిపించింది.

"మీరు మాకేమీ కారు సార్! బాబాయి లేడు, మావయ్య లేడు. మాకున్న చుట్టం ఒక్కడే. వాడు అక్కడ ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని వదిలెయ్యండి సార్!"

డేరాలో అందరూ లెక్కపెట్టుకున్నారు. రెండు 'సార్'లు. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. నిజంగానే నొచ్చుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కానిస్టేబుళ్ళ వైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

"వాళ్ళే తెంచుకున్నారు. ఇక పరాయి లారీయే కదా. పాత పద్ధతిలో చూడండి."

పాత పద్ధతిలో పరదా మొత్తం ఊడదీశారు. రంపపు పొట్టు రోడ్డు మీద గుమ్మరించారు. మిగిలిన దిమ్మలను ఒక్కొక్కటీ ఎండలో పేర్చి, అటు నుంచి ఇటు చూశారు, ఇటు నుంచి అటు చూశారు. లోపల ఏదైనా దాచారేమోనన్న అనుమానం కలిగిన వాటిని పగలగొట్టారు. గాజులా తేటగా ఉన్న దిమ్మల మీద అనుమానం మరీ ఎక్కువ కలిగింది. చివరికి అక్రమంగా ఏమీ దొరకలేదు. సక్రమంగా కూడా ఏమీ మిగల్లేదు. లారీలో అభ్యంతరకరమైనదేదీ లేదని తేల్చి, చాలా మర్యాదగా పంపించేశారు.

వాళ్ళు చేరేసరికి రేవులో పొద్దు వాలుతోంది. వాసన చాలా ముందే ఎదురొచ్చింది. బావమరిది మోకాళ్ళదాకా చేపల్లో నిలబడి, పారతో వాటిని బుట్టల్లోకి ఎత్తుతున్నాడు. అమ్మడానికి కాదు, గోతిలో వెయ్యడానికి. లారీ వెనక తలుపు నిదానం తెరవకపోయినా, ఆ అడుగున కారుతున్న నీళ్ళు చూసి అతనికి అంతా అర్థమైంది.

"రా బావా," అన్నాడు తలెత్తకుండా. "చుట్టాలందరినీ చూసొచ్చారా?"

నిదానం ఏదో చెప్పబోయాడు. ఎక్కడ మొదలుపెట్టినా అబద్ధంలాగే ఉంటుందనిపించి ఖాళీ బుట్ట ఒకటి అందుకున్నాడు. భార్య ఇంకో పార వెతికి తెచ్చుకుని తమ్ముడి పక్కన దిగింది. ముగ్గురూ చీకటి పడేదాకా చేపలు ఎత్తుతూనే ఉన్నారు.

మర్నాడు నిదానం ఫిర్యాదు చేయడానికి పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. బల్ల వెనక కూర్చున్న రైటరు అతను చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు. అంత శ్రద్ధగా తన మాట విన్న పోలీసును నిదానం అంతకుముందు చూడలేదు. కాస్త ఆశ కూడా కలిగింది.

"కొట్టారా?" అని అడిగాడు రైటరు.

"లేదండీ."

"తిట్టారా?"

"లేదండీ. బాగున్నావా అని అడిగారు."

"ఎవరు?"

నిదానం తడబడ్డాడు. నిన్న 'సార్' అన్నందుకు ఏమైందో గుర్తొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "బాబాయి. తర్వాత మావయ్య. తర్వాత పెదనాన్న."

రైటరు కలం మూత పెట్టేశాడు.

"చూడు బాబూ, మీరంతా ఒక్కటి. ఇవాళ కొట్టుకుంటారు, రేపు కలిసిపోతారు, మధ్యలో చెడ్డయ్యేది మేము. పెద్దవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడుకోండి. ఇంటి గొడవల్లో పోలీసులు తలదూర్చరు."