కంబగిరి రెడ్డిగారి అన్నత్యాగం

"యుద్ధం ముగిసేదాకా అన్నం ముట్టను. బెల్లం ముట్టను. అంతా దేశం కోసం!"

1943లో, బియ్యం కొరతతో జనం అల్లాడుతున్న రోజుల్లో, కోయిలకుంట్ల సంతలో తాలూకా ఆహార సంరక్షక సంఘాధ్యక్షులు కంబగిరి రెడ్డిగారు ఇలా ప్రకటించగానే జనం కళ్లు తుడుచుకున్నారు. పత్రికకు వార్తలు రాసే నేనూ తుడుచుకున్నాను. ముందురోజే కర్నూలు డాక్టరు ఆయన మూత్రం పరీక్షించి, "చక్కెర జబ్బు ముదిరింది. అన్నం, రొట్టె, బెల్లం మానకపోతే పాదం మీది ఆ పుండుతో కాలే పోతుంది. గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినండి" అన్నాడు. వెంట వెళ్లిన నేను చెవులారా విన్నాను. అయినా త్యాగం త్యాగమే.

ఆ త్యాగానికి రోజుకో కోడి, బుట్టెడు గుడ్లు పట్టేవి. బంట్రోతు మారెన్న పల్లెల మీద పడి, వాటిని దేశభక్తితో పట్టుకొచ్చేవాడు. తన గుడ్ల గంప ఖాళీ కాగానే ఆ పల్లెల్లో ఒకదాని నుంచి రాహేలమ్మ నేరుగా రెడ్డిగారి అరుగు దగ్గరికి వచ్చింది.

"దొరా, మా ఇంటాయప్ప జ్ఞానరాజుకూ చక్కెర జబ్బే. ఆ డాక్టరే గుడ్లు తినమన్యాడు. ఉండేటివన్నీ మారెన్న ఎత్తకపోతాండాడు."

రెడ్డిగారు కాలి కట్టు సర్దుకున్నారు.

"జ్ఞానరాజుది జబ్బమ్మా. నాది త్యాగం. రెండూ ఒకటెట్లయితాయి?"

"మరి ఆయప్ప ఏం తినల్ల?"

"అన్నం తినమను. నేను ఇడిసిందంతా మీకే గదా!"

"అన్నం యాడుండాది దొరా? మాకు పండగనాడు గూడా కొర్రకూడే."

రెడ్డిగారు ఉప్పొంగిపోయి నా వైపు తిరిగారు.

"చూస్తివా అప్పా, ఊరంతా త్యాగం చేస్తాండాది. రాసుకో."

రాసుకున్నాను.

కొన్ని నెలలకు రెడ్డిగారి పుండు మానింది. డాక్టరు మెచ్చుకొని, ఇక రోజూ పిడికెడు అన్నం తినవచ్చన్నాడు. రెడ్డిగారి మొహం పాలిపోయింది.

"యుద్ధం ముగియలే గదప్పా!"

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారు అన్నం తినాలని ప్రజలు కన్నీళ్లతో వేడుకుంటున్నారని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రజల మాటను రెడ్డిగారు ఏనాడు కాదన్నారు? తలవంచారు.

వేదిక కట్టారు. మేళం పెట్టారు. వెండి పళ్లెంలో పిడికెడు అన్నం, పక్కన గిన్నెడు కోడికూర. ముందు వరుసలో జ్ఞానరాజు కర్రకు ఆనుకొని నిలబడ్డాడు. రెడ్డిగారు మెతుకు మెతుకూ నమిలి తిన్నారు. ఆయన మింగినప్పుడల్లా జనమూ గుటక వేశారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

"ఇంక మా గుడ్లు మాకిడుస్తారా దొరా?" అంది రాహేలమ్మ.

"కూర లేకుండా అన్నమెట్ల తినేదమ్మా?" అన్నారు రెడ్డిగారు, ఎంతో ఓపికగా.

ఆ సాయంత్రమే నేను పత్రికకు తంతి కొట్టాను: "కోయిలకుంట్ల తాలూకాలో బియ్యం కొరత తీరింది."