సర్పంచికీ మునసబుకీ రాజీ

1968లో ఒక ఉదయం నరసింగరావు, భార్య తాయారుతో శ్రీకూర్మం వెళ్లి పొద్దుగూకేలోగా తిరిగి వద్దామనుకున్నాడు. నరసన్నపేట పక్కనే ఉన్న తన ఊరికి ఆయన సర్పంచి. శిస్తు వసూలు చేసే పాత మునసబు మంచం పట్టాక, ఇంకొకరిని వేసేదాకా చూడమని ఆ పనీ ఆయనకే అప్పగించారు. రెండూ ఒకరే చేయకూడదని ఆయనకు తెలుసు. ఎవరూ అడగలేదు గనుక ఆయనా చెప్పలేదు.

తాయారు పులిహోర కలుపుతుండగా రైతు నూకయ్య వచ్చాడు. నరసింగరావు పశువులకు వేయించిన కొత్త పందిరి వీధిలోకి చొచ్చుకొచ్చి, ధాన్యం బండ్లు మలుపు తిరగడం లేదట. సర్పంచిగా తీయించమని అడిగితే, ఆక్రమణలు మునసబు చూసుకుంటాడన్నాడు నరసింగరావు. పోనీ మునసబుగానే తీయించమంటే, వీధులు పంచాయతీవి, సర్పంచి ఒప్పుకోడన్నాడు.

నూకయ్య సైకిలెక్కి పంచాయతీ సమితి ఆఫీసుకు పోయి, సర్పంచి ఏమన్నాడో, మునసబు ఏమన్నాడో విన్నది విన్నట్టు చెప్పాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరుకు అందులో రెండు పార్టీల కక్ష కనిపించింది. సర్పంచినీ మునసబునీ కూర్చోబెట్టి రాజీ చేస్తానని, ముందుగా బంట్రోతుతో కబురు పంపి, వెనకే జీపులో బయలుదేరాడు.

కబురు వినగానే నరసింగరావుకు మునసబు ఒకడు కావలసి వచ్చాడు. ఇంట్లో ఊరికే ఉన్న బావమరిది చినబాబుకు తన ఇస్త్రీ చొక్కా తొడిగించాడు.

"బావా, మునసబంటే ఏటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యకు. నోరు మూసుకుని కూకో."

చినబాబు అలాగే కూర్చునేవాడు. కానీ జీపు దిగిన మనిషి తనను "మీరు" అని పిలిచేసరికి ఆగలేకపోయాడు. పందిరి తీయించడానికి అభ్యంతరమేమిటని ఆఫీసరు అడిగితే, "నాకేటీ నేదు బాబూ. సర్పంచి గారే అడ్డుపడతన్నారు. మీరు సెప్తే రేపే పీకించేస్తాను" అన్నాడు.

ఆఫీసరు ముచ్చటపడి ఇద్దరి చేతులూ కలిపించాడు. నరసింగరావు బావమరిది వేళ్లను గట్టిగానే నొక్కాడు. తిరిగొచ్చి అరుగు కింద నిలబడిన నూకయ్యకు ఇదేమీ అంతుపట్టలేదు.

"చినబాబు మునసబేటి బాబూ? సర్పంచీ మునసబూ కూడా ఈ నరసింగరావు గారే."

జీపు వేసుకుని వచ్చి ఒకే మనిషికి రాజీ చేసిన ఆఫీసరుకు నవ్వాలో కేకలెయ్యాలో తెలియలేదు. ఈలోగా తాయారు, ఇక శ్రీకూర్మం ప్రయాణం లేనట్టేనని, దారికని కలిపిన పులిహోర తెచ్చి పెట్టింది. తిన్నాక ఆయన కోపం కొంత దిగింది. రెండు పదవుల్లో ఏది వదులుకుంటారో ఇప్పుడే చెప్పమన్నాడు.

ఊరు ఎన్నుకున్నది వదలడం బాగుండదని నరసింగరావు మునసబు పని వదిలేశాడు. ఆ పనికి చినబాబు పేరు తహసీల్దారుకు తానే చెబుతానన్నాడు ఆఫీసరు. న్యాయం మాట్లాడే మనిషిలా కనిపించాడట. పదవి ఇల్లు దాటలేదు గదా అని నరసింగరావుకు ప్రాణం కుదుటపడింది. తమ్ముడు ప్రయోజకుడయ్యాడని తాయారు మురిసిపోయింది.

నెల తిరగకుండా చినబాబు మునసబయ్యాడు. పందిరి పోయింది, బండ్లు సాఫీగా తిరిగాయి, నూకయ్య సంతోషించాడు.

ఆ ఊళ్లో సర్పంచికీ మునసబుకీ పడకపోవడం మొదలైంది మాత్రం అప్పుడే.