వాకిట్లో నిలిచిన ఇంటిబండి

ఆ రోజు ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. ఆ పొద్దున నారిస్ హాల్వర్సన్ ఉప్పులేని ఓట్సు జావ తిన్నాడు. తేదీ ఎలా గుర్తుందని అడిగితే ఆయన ఇప్పటికీ జావ సంగతే చెబుతాడు. మిగిలింది ఆయన భార్య ఆర్లిస్ చెబుతుంది.

ఆ జావ వండింది ఇంట్లో కాదు, ఇంటి వాకిట్లో నిలబెట్టిన ఆర్వీలో. చక్రాల మీద ఇల్లు అది. ముందు స్టీరింగు, వెనక మంచం, మధ్యలో పొయ్యి. నారిస్ హైస్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. ఆర్లిస్ ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో పెళ్లయిన నాటినుంచీ కాపురమున్న ఇంటిని ఇద్దరూ కలిసి అమ్మేశారు. బుధవారం కొత్తవాళ్లు దిగుతారు. ఆపైన వీళ్లకు ఇల్లన్నా వాకిలన్నా ఆ బండే. చలికాలం ఎడారి వైపు, వేసవిలో ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ.

బయల్దేరేముందు వాకిట్లోనే బండిలో బతికి చూడాలని ఏర్పాటు. నియమం ఒక్కటే. బండెక్కినవాళ్లు మళ్లీ ఇంట్లో అడుగు పెట్టకూడదు. మరిచిపోయింది మరిచిపోయినట్టే. ఏది లేకపోతే గడవదో, ఏది ఉత్త బరువో అప్పుడే తేలుతుందని నారిస్ సిద్ధాంతం. శుక్రవారం సాయంత్రం ఆయన ఎక్కేశాడు. ఆర్లిస్ ఎక్కలేదు. మేడమీద ఒక అలమర మిగిలిందంది. అంతకుముందు గురువారం ఎక్కుదామనుకున్నప్పుడూ అదే మాట అంది. అది వేరే అలమర.

నారిస్‌కు లోపల దిగులుగానే ఉంది. బండి కొందామా అని అడిగినప్పుడు ఆమె "పర్వాలేదు" అంది. ఇల్లు అమ్మేద్దామా అంటే "పర్వాలేదు" అంది. ఆ ఊళ్లో ఆ మాటకు పట్టరాని సంతోషమని అర్థం కావచ్చు, గుండెకోత అని కావచ్చు. అడిగి తేల్చుకునే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఆ రాత్రి ఆయన మంచంలో తన సగంలోనే ఒదిగి పడుకుని, రెండో సగం మీది దుప్పటి మడత విప్పకుండా ఉంచాడు. తెల్లవారి చిన్న కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా ఆ ఖాళీ దిండు మీద పడింది. వచ్చి చూస్తే ఆమెకు నచ్చుతుంది కదా అనుకున్నాడు.

జావ నోట్లో పెట్టుకున్నాక, పైజామా మీదే దిగి వెళ్లి ఇంటి వంటగది కిటికీ తట్టాడు. ఆర్లిస్ కిటికీ పైకెత్తింది.

"లోపలికి రావద్దు," అంది.

"రావట్లేదు. కాస్త ఉప్పు..."

"అదంతా ముందే ఆలోచించుకోవాల్సింది. నియమం పెట్టింది నువ్వే."

"చిటికెడు, ఆర్లిస్."

"చిటికెడని మొదలుపెడతావు, సాయంత్రానికి సోఫా అడుగుతావు. వెళ్లు."

ఆమె నవ్వుతూనే అంది. కాని నవ్వు కిటికీ లోపలుంది, మాట బయటికొచ్చింది. పక్కింటి వెర్డెల్ తన పెరట్లో ఎండుటాకులు ఊడుస్తూ ఆ మాటే విన్నది. పైజామాలో ఉన్న మగవాడు తల వంచుకుని బండిలోకి తిరిగి వెళ్లడం చూసింది. ఇంకాసేపటికి మేడమీది కిటికీ తెరుచుకుంది. నారిస్ కోట్లు, ప్యాంట్లు, చర్చికి వేసుకునే సూటు ఒకదాని వెనక ఒకటి పచ్చిక మీద పడ్డాయి. ఆర్లిస్‌కు మోకాలు నొప్పి. ఇచ్చేయదలచిన బట్టలు మోసుకుంటూ మెట్లు దిగడం కన్నా ఇలా విసరడం హాయి. ఆ మోకాలి సంగతి వెర్డెల్‌కు తెలియదు.

వెర్డెల్ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఊళ్లో అడగరు, ఓవెన్ వెలిగిస్తారు. మాంసం, చిక్కుళ్లు కలిపి, పుట్టగొడుగుల సూపు పోసి, పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాలిస్తే అది హాట్‌డిష్. చావుకూ, జబ్బుకూ, పంట పోయినప్పుడూ అదే వెళుతుంది. వెంట ఓదార్పు మాటలేవీ వెళ్లవు.

"మంచు బాగా కరిగింది," అంది వెర్డెల్, వేడి గిన్నె నారిస్ చేతిలో పెట్టి.

"కరిగింది," అన్నాడు నారిస్.

"ఒక్కడివే కదా. రెండు పూటలకి వస్తుంది."

వీడ్కోలు కానుక కాబోలనుకుని ఆయన పొంగిపోయాడు. వెర్డెల్ ఇంటికి వెళ్లి ఒకే ఒక మనిషికి ఫోన్ చేసింది. ఆ మనిషి చర్చిలో కాఫీ ఏర్పాట్లు చూస్తుంది. ఇక రెండో ఫోన్ అవసరం లేకపోయింది.

మధ్యాహ్నానికి బండిలో అడుగు పెట్టే చోటు లేదు. పొయ్యి మీద గిన్నె, సింకులో గిన్నె, మంచం మీద తువ్వాలు పరిచి రెండు. డ్రైవరు పక్క సీటులో ఒకటి కూర్చుంది. జారకుండా దానికి నారిస్ బెల్టు కూడా పెట్టాడు. ఫ్రిజ్ చూస్తే అరచేతి వెడల్పు. ఒక గిన్నె పట్టుకుని మళ్లీ వంటగది కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఇది నీ ఫ్రిజ్‌లో పెట్టు."

"నీకిచ్చింది నువ్వే ఉంచుకో," అంది ఆర్లిస్. "అక్కడి ఫ్రిజ్‌తో బతకగలవో లేదో చూసుకోవాలన్నావు కదా."

అప్పుడే మరో గిన్నెతో వాకిట్లోకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు టక్కున ఆగిపోయి, ఈ ఏడాది పిట్టలు త్వరగా వచ్చాయని మాట్లాడుకున్నారు.

తర్వాత గేలెన్ వచ్చాడు. పాల లారీ నడిపి రిటైరైనవాడు, చిన్నప్పటినుంచీ నారిస్‌కు చేపలవేటలో తోడు. బండి టైరును కాలితో తన్ని చూశాడు. ఇంకో టైరునూ తన్నాడు. నాలుగూ అయ్యాక ఇక తన్నడానికేమీ మిగలక నోరు విప్పాడు.

"మా బేస్‌మెంట్‌లో మంచం ఖాళీగా ఉందిరా."

"మా బండిలోనూ ఉంది కదా."

"ఉందనుకో. రాత్రిళ్లు చలి. మా బావమరిది ఇలాగే బండిలో ఉన్నాడు ఆ మధ్య. కొన్నాళ్లకి ఆమే మెత్తబడింది."

"ఎవరు మెత్తబడింది?"

"వాడి పెళ్లాం."

నారిస్ చేతిలోని చెంచా ఆగింది. "ఒరేయ్ గేలెన్, ఆర్లిస్ నన్ను ఇంట్లోంచి గెంటేసిందని అనుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోవట్లేదు. ఊరు అనుకుంటోంది. నేను కాఫీ తాగిపోదామని వచ్చా."

నారిస్ కడుపుబ్బ నవ్వాడు. గేలెన్ నవ్వలేదు. నారిస్ నవ్వు సగంలో తగ్గి, చివరికి గొంతు సవరించుకోవడంగా మారింది.

"ఆర్లిస్ ఎవరితోనైనా ఏమన్నా అందంటావా?"

"వెర్డెల్‌తో అనే ఉంటుంది. లేకపోతే వెర్డెల్ గొడ్డుమాంసం ఎందుకు పెడుతుంది? మామూలు కష్టానికి ఆమె డబ్బా చేపతో సరిపెడుతుంది."

నారిస్ చెంచా కింద పెట్టాడు. పచ్చిక మీద బోర్లా పడి ఉన్న తన సూటు వైపు చూశాడు. ఒక అలమర, మరో అలమర. వెర్డెల్‌కు తెలిసింది తనకు తెలియకపోవడంలో వింతేముంది? తను మాత్రం ఏనాడు గట్టిగా అడిగాడు?

ఇంట్లో ఆర్లిస్ పరిస్థితి ఇంకా అయోమయంగా ఉంది. వీధి తలుపు తట్టి ఒక్కొక్కరే వస్తున్నారు, తీపి బిళ్లల పళ్లెం ఇస్తున్నారు, కౌగిలించుకుంటున్నారు. ఆర్లిస్ వాళ్ల అమ్మ పోయినప్పుడు కూడా ఆ ఊళ్లో ఎవరూ ఆమెను కౌగిలించుకోలేదు, భుజం మీద రెండు తట్లు తట్టారంతే. చివరికి చర్చి నడిపే పాస్టరమ్మ మెరీట్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ముందు దారి ఎలాంటిదైనా దేవుడు తోడుంటాడు, ఆర్లిస్. మీకూ, ఆయనకూ."

"నారిస్‌ని చూశారా మీరు?"

"ఇప్పుడే చూసొచ్చాను. ధైర్యంగానే ఉన్నారు."

"ధైర్యంగానా?"

"జావలో ఉప్పు లేదన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు." పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

తలుపు మూసి ఆర్లిస్ మెట్ల మీద కూలబడింది. మార్చిలో నారిస్ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. ఏమన్నాడని అడిగితే "పర్వాలేదు" అన్నాడు. పర్వాలేదని. ఆ తర్వాతే కదా ఇల్లు అమ్ముదామని తొందర, బండి కొందామని తొందర. ఊరందరికీ చెప్పుకుని తనకొక్కదానికీ చెప్పలేదు. తను ఏం చేసింది? చిటికెడు ఉప్పు ఇవ్వనంది.

ఆమె లేచి, ఉప్పు డబ్బా పట్టుకుని, మోకాలి సంగతి మరిచిపోయి వాకిలి దాటి వెళ్లింది. నారిస్ బండి తలుపు తీసి, గిన్నెల మధ్య పక్కకు ఒత్తిగిలి నిలబడ్డాడు.

"జరుగు," అంటూ ఎక్కింది ఆమె. "ఇప్పుడు నిజం చెప్పు. ఎన్నాళ్లుంది?"

"నేను బుధవారం దాకా అనుకున్నా. నువ్వే చెప్పాలి."

"బుధవారమా," అని ఆర్లిస్ మంచం మీద, అదృష్టవశాత్తూ రెండు గిన్నెల మధ్య, కూర్చుండిపోయింది.

"నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది. వెర్డెల్‌కి చెప్పావు, నాకు చెప్పలేదు."

"నేను వెర్డెల్‌కి ఏం చెప్పాను? నువ్వు పాస్టరమ్మకి ఏం చెప్పావు? డాక్టరు ఏమన్నాడు, నారిస్?"

"ఏ డాక్టరు? చెవిలో గులిమి తీసినాయనా?"

 ఆ తర్వాత చిక్కుముడి విప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. సూటు సంగతి, కిటికీ సంగతి, గేలెన్ బావమరిది సంగతి. ఆర్లిస్ నవ్వి నవ్వి కళ్లజోడు తీసేసింది. నారిస్ మాత్రం నవ్వలేదు.

"అయినా నువ్వు ఎక్కలేదు," అన్నాడు మెల్లగా. "అలమర మీద అలమర. అది మాత్రం ఊరు పుట్టించింది కాదు."

ఆమె కళ్లజోడును చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఇల్లు అమ్మకానికని బోర్డు పెట్టిన రోజునుంచీ చూస్తున్నాను," అంది. "ఒక్కళ్లన్నా వెళ్లొద్దనలేదు. 'ఎడారా, ఎండగా ఉంటుంది' అన్నారు. అంతే. ఇంతమంది పిల్లలకి చదువుకోను పుస్తకాలు వెతికిచ్చాను, వాళ్ల పిల్లలకీ ఇచ్చాను. మనం పోతే వీళ్లకి తెలుస్తుందా అసలు అనిపించింది. నీతో రావడం ఇష్టం లేక కాదయ్యా. ఎవరన్నా వచ్చి తలుపు తడతారేమోనని రోజుకో అలమర మిగిల్చాను."

నారిస్ చుట్టూ చూశాడు. పొయ్యి మీద, సింకులో, సీటులో బెల్టు పెట్టుకుని.

"తట్టినట్టున్నారు," అన్నాడు.

ఆర్లిస్ కూడా చూసింది. ఒక గిన్నె ఎత్తి అడుగున అంటించిన పేరు చదివింది. ఇంకోటి ఎత్తింది. గ్రంథాలయంలో పుస్తకం వెనక పేరు చూసుకున్నట్టే ఒక్కొక్కటీ చూసి, దేన్నీ దించకుండా ఒళ్లో పెట్టుకుంది.

"మరి ఉంటావా, దిగుతావా?" అన్నాడు నారిస్.

"జరగమన్నాను కదా," అంది.

ఇక గిన్నెలు తిరిగివ్వాలి. ఆ ఊళ్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. వండే వ్యవధి లేదు. అందుకని ఒకరిది ఇంకొకరి గిన్నెలోకి మార్చి సర్దారు. అసలు సంగతి చెప్పేద్దామని నారిస్ అన్నాడు. ఆర్లిస్ ఒప్పుకోలేదు.

"పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఉత్తినే నిలబడ్డారని చెప్పమంటావా వాళ్లతో?"

నారిస్ స్టీరింగు పట్టాడు. ఆర్లిస్ ఒళ్లో గిన్నెలతో పక్కన కూర్చుంది. బండి వాకిట్లోంచి దిగి పక్కింటి ముందు ఆగింది. భార్యాభర్తలు ఒకే ముందద్దంలో కనిపించేసరికి వెర్డెల్ చేతిలోని చీపురు జారింది.

"నా దాంట్లో ఉల్లిపాయ కాస్త ఎక్కువే వేశాను," అంది, తన హాట్‌డిష్‌తోనే వాళ్లు కలిసిపోయారన్నట్టు, పాఠం ఫలించిన గురువులా. తర్వాత బండి లోపలి మంచం, పొయ్యి, కర్టెన్లు చూసింది. ఆమె ముఖం మారింది. "అయితే నిజంగానే వెళ్లిపోతారా? ఇద్దరూ రాజీపడ్డారు కదా, వెళ్లకపోతేనేం? ఉండండి, ఆర్లిస్. ఇల్లు పోతే ఇంకో ఇల్లు చూద్దాం."

ఇన్ని వారాలుగా ఆర్లిస్ ఎదురుచూసిన మాట అదే. ఆమె వెర్డెల్‌ను భుజం మీద తట్టబోయి, పొద్దుటి అలవాటు కొద్దీ గట్టిగా కౌగిలించుకుంది.

"వెళతాం, వెర్డెల్. వెళ్లాలనే ఉంది నాకు," అంది. ఆమె నోటినుంచి పర్వాలేదు అన్న మాట రాకపోవడం నారిస్ గమనించాడు. స్టీరింగు తుడిచాడు.

ప్రతి ఇంటి దగ్గరా కాఫీ. ప్రతి ఇంటివాళ్లూ గిన్నె అందుకుని, ఇందులో ఉన్నది తమది కాదని గుర్తుపట్టి, మర్యాదకు ఊరుకుని, బదులుగా ఇంకేదో చేతిలో పెట్టారు. చివరగా గేలెన్ ఇంటి వెనక జాగాలోకి మళ్లేసరికి పొద్దు గుంకింది. బండిని వెనక్కి నడపడం నారిస్ ఇంకా నేర్చుకోలేదు. పొద్దున చూసుకుందాంలే అన్నాడు గేలెన్. పచ్చళ్లు, రొట్టెలు, ఒక కేకు, బయల్దేరినప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి బండిలో. ఆర్లిస్ వాటన్నిటినీ దాటుకుంటూ వెళ్లి, గేలెన్‌కు చెయ్యి ఊపి, చప్పుడు కాకుండా తలుపు వేసి గడియ పెట్టింది.

మొదటి రోజు ప్రయాణంలో వాళ్లు ఇంటినుంచి రెండు వీధుల దూరం వచ్చారు.