విముక్త దుకాణం నంబర్ వన్

భారతదేశానికి స్వాతంత్ర్యం రెండు విడతలుగా వచ్చింది. మొదటి విడత అర్ధరాత్రి రావడంతో చాలామంది నిద్రలో ఉండిపోయారు. రెండో విడతలో ఆ పొరపాటు జరగకుండా, అది ఒక ఆదివారం పొద్దున, టిఫిన్లయ్యాక, సీడీ రూపంలో బన్సీలాల్‌పేట్‌లోని ఫకీర్ డీటీపీ దుకాణానికి వచ్చింది. తెచ్చినవాడు రమణబాబు.

రమణబాబుది అనకాపల్లి వైపు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మెట్టుగూడలో అద్దెకుంటూ, వారంలో ఐదు రోజులు ఆ మేడల్లో ఒకదాంట్లో కూర్చుని, డబ్బు కట్టందే ఎవరూ ముట్టుకోరాని సాఫ్ట్‌వేర్ రాసేవాడు. మిగిలిన రెండు రోజులూ సాఫ్ట్‌వేర్ అందరికీ స్వేచ్ఛగా అందాలని పోరాడేవాడు. (సెలవు రోజుల్లో ఉద్యోగికి అంతరాత్మ ఉంటే కంపెనీలు అభ్యంతరం చెప్పేవి కావు.) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రజాప్రచార సమితి, సికింద్రాబాద్ ఉత్తర మండలానికి అతను సహాయ సంచాలకుడు.

"మీ కంప్యూటర్లో ఉన్నదంతా దొంగ కాపీయేనండి, ఫకీర్‌గారూ. రేపు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీవాళ్లు తనిఖీకి వచ్చారనుకోండి, ఏటి చేస్తారు?" అన్నాడు.

ఫకీర్ గుమ్మంలోంచి గల్లీ అటూ ఇటూ చూశాడు. పెళ్లిపత్రికలు కొట్టి ఇల్లు నడుపుకునే మనిషి. "గల్లీల అందరి దగ్గర గదే ఉన్నది గదన్నా," అని గొణిగాడు.

"అందరూ బానిసలే కదండీ మరి! మీరొక్కరైనా బయటపడండి. మీరే విముక్త వినియోగదారు నంబర్ వన్. శాలువా కప్పుతాం."

నిజం చెప్పుకోవాలంటే తనిఖీ భయం సగం, శాలువా సగం. ఫకీర్ ఎందరి సన్మానపత్రాలో టైప్ చేశాడు. ఒక్కదాంట్లోనూ తన పేరు లేదు పాపం. "సరే, షురూ చెయ్యున్రి," అన్నాడు.

రమణబాబు కంప్యూటర్లో పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించాడు. నియమావళి ప్రకారం పాత దొంగ సీడీని వినియోగదారే స్వహస్తాలతో విరగ్గొట్టాలి. ఫకీర్ విరగ్గొట్టాడు. చప్పట్లు మోగాయి. (మోగించింది రమణబాబు ఒక్కడే. నివేదికలో మాత్రం 'సభికుల కరతాళధ్వనులు' అని పడింది.)

మర్నాడు దేవమ్మ తన బిడ్డ పెళ్లి కార్డు చూసుకోవడానికి వచ్చింది. అంతకుముందే టైప్ చేసి పెట్టిన కార్డును ఫకీర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడు. తెలుగు అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా ఉంది. గణపతి శ్లోకం నుంచి విందు వేళ దాకా, వరసగా డబ్బాలు.

"ఇదేందన్నా, గిన్ని డబ్బాలు? నా అల్లుడేడి?"

"మూడో లైన్ల ఉన్నడక్కా," అన్నాడు ఫకీర్, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఏ డబ్బా?"

ఫకీర్ రమణబాబుకు ఫోన్ చేశాడు. 'పనిచేయడం లేదు' అన్న మాట సమితిలో నిషిద్ధం. 'మెరుగుదలకు అవకాశం ఉంది' అనాలి. ఫకీర్‌కు ఆ సంగతి తెలియదు.

"తెలుగు ఒక్క ముక్క వస్తలేదన్నా! శుక్రారం కల్లా కార్డులియ్యాలె. మస్తు పరేషాన్ల ఉన్న, జెర వచ్చి చూడున్రి."

"కంగారు పడకండి. ఆ ప్రోగ్రాము లోపలి రాతంతా తెరిచే ఉందండి, ఎవరూ దాచలేదు. మీకు నచ్చినట్టు మీరే దిద్దుకోవచ్చు. ఈ హక్కు ఆ కంపెనీవాళ్లు ఎప్పుడైనా ఇచ్చారా మీకు?"

ఇవ్వలేదని ఫకీర్ ఒప్పుకున్నాడు.

అయినా రమణబాబు దయగలవాడు. సమస్యను ఇంటర్నెట్లో ప్రపంచ వాలంటీర్ల ముందు పెట్టాడు. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి ఒక పెద్దమనిషి వెంటనే స్పందించాడు: 'ఈ ప్రశ్న ఇదివరకే అడిగారు. వెతుక్కోండి.' పైసా తీసుకోకుండా ఇంత దూరం నుంచి సాయమందిందని రమణబాబు పొంగిపోయాడు.

దేవమ్మ పొంగలేదు. "నీ స్వేచ్ఛ సల్లగుండ! నా బిడ్డను డబ్బాకిచ్చి చేస్తనా?" అని, ఎదురు గల్లీలో ఉన్న బిక్షం డీటీపీకి నడిచింది. ఆమె వెనకే ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ నడిచాయి.

సన్మానం రోజు రానే వచ్చింది. బ్యానర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే తయారు చేయాలన్నది నియమం. రమణబాబు చేశాడు. మూరెడేసి డబ్బాలు వచ్చాయి. ప్రజలకు అర్థం కావడం ముఖ్యం కనుక, సమితి అత్యవసరంగా సమావేశమై, దాన్ని బిక్షం దగ్గరే కొట్టించాలని మనోవేదనతో తీర్మానించింది. ('మనోవేదనతో' అన్న మాటను సవరణ ద్వారా చేర్చారు.)

'బన్సీలాల్‌పేట్ తొలి విముక్త దుకాణం ఇదే! దొంగ కాపీ వాడినా, ఇచ్చినా నేరం!' నిన్నమొన్నటి దాకా తానూ కొట్టిన ఆ బొద్దు అక్షరాలను తన గుమ్మం మీద చూసి ఫకీర్‌కు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకున్నారు.

శాలువా కప్పుతుంటే ఫకీర్ రమణబాబు చెవిలో అన్నాడు: "శాలువా వద్దన్నా. నా పాతది నాకియ్యున్రి. ఇల్లెట్ల గడవాలె?"

"ఫొటో తీస్తున్నారండి, నవ్వండి," అన్నాడు రమణబాబు.

సభ ముగిశాక ఫకీర్ సిగ్గు చంపుకుని బిక్షం దగ్గరికి వెళ్లాడు. "అరే బిక్షం, నీ సీడీ జెర కాపీ కొట్టియ్యి. నీ పుణ్యముంటది."

బిక్షం చెంపలేసుకున్నాడు. "తోబ తోబ! దొంగ కాపీ ఇచ్చుడు నేరమన్నా. నీ దుకాణం మీదనే రాసుంది, చూడలే? నేనే టైప్ చేసిన."

మిగతా దుకాణాలవాళ్లూ ఆ బ్యానర్ చదివినవాళ్లే.

అలాగని ఫకీర్ దుకాణానికి జనం రాకుండా పోలేదు. వచ్చి, తలెత్తి చూసి, "అన్నా, గీ బ్యానర్ ఎవలు కొట్టిన్రు? అక్షరాలు మస్తున్నయ్," అని అడిగేవారు. ఫకీర్ శాలువా భుజం మీదికి లాక్కుని బిక్షం దుకాణానికి దారి చెప్పేవాడు. సమితి దీన్ని 'ప్రజల నుంచి వెల్లువెత్తిన స్పందన' కింద రాసుకుంది. విముక్తి పొందినవారిలో ఒక్కరు కూడా వెనక్కి పోలేదని వార్షిక నివేదికలో సగర్వంగా ప్రకటించింది.

(నివేదిక టైపింగ్: బిక్షం డీటీపీ.)