గంజి పెట్టిన ఫియట్

ఆ ఆదివారం పొద్దున రామలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కారు కడగాలి, పన్నెండింటికల్లా పాలిష్ పట్టించాలి, నాలుగింటికి వరంగల్ స్టేషన్లో బావను ఎక్కించుకోవాలి, ఎక్కించుకునే ముందు ఒక్క మాట అనాలి. అసలు కారు కొన్నదే ఆ ఒక్క మాట అనడానికని ఆయన ఒప్పుకోడు గానీ, గిర్మాజీపేటలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

ఆ మాట వెనక పన్నెండేళ్ల చరిత్ర ఉంది. రామలింగం భార్య భద్రమ్మది జనగామ. ఆమె అన్న లక్ష్మీనారాయణకు అక్కడ ఒక నూనె మిల్లు, ఒక తెల్ల అంబాసిడర్ ఉన్నాయి. రామలింగం అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా ఆయన స్టేషనుకు కారు తెస్తాడు. నవ్వుతూ తలుపు తీస్తాడు. తీరా కాలు లోపల పెట్టబోయే సమయానికి, "బావా, జర కాళ్లు దులుపుకొని ఎక్కు" అంటాడు. అందులో తప్పేముంది అంటారా? కొత్త పంచె కట్టుకొని, చేతిలో మిఠాయి పొట్లంతో, రిక్షావాళ్లంతా చూస్తుండగా ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటే తెలుస్తుంది. రామలింగం పన్నెండేళ్లు దులుపుకున్నాడు. చివరికి తట్టుకోలేక, జంపఖానాల దుకాణంలో మిగిలిందంతా కూడబెట్టి, సికింద్రాబాదులో ఒక డాక్టరు వాడి వదిలేసిన నల్ల ఫియట్ కొన్నాడు.

కారు కొన్న నాలుగు నెలలకు, అంటే ఎనభై ఒకటి ఎండాకాలంలో, బావ ఉత్తరం రాశాడు. "ఆదివారం నాలుగింటి పాసింజరుకు వస్తున్న. సోమవారం పొద్దున నీ కారులో పాలకుర్తి గుడికి పోదాం." ఇంటి ముందు అంబాసిడర్ ఉన్న మనిషి, చక్కటి రోడ్డు ఉండగా, పాసింజరు బండి ఎందుకు ఎక్కుతున్నట్టు? ఈ అనుమానం నాకు వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. రామలింగానికి మాత్రం రాలేదు. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని, అద్దం ముందు నిలబడి, "బావా, జర కాళ్లు దులుపుకొని ఎక్కు" అని మూడు రకాలుగా అని చూసుకున్నాడు.

కారు కడగడంలో ఆయనకు ఒక శాస్త్రం ఉంది. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకున్నాడు. ఒంటికి కుంకుడుకాయ రసం. సబ్బు పెడితే రంగు పోతుందని నమ్మకం. రుద్దడానికి బీరకాయ పీచు పనికిరాదు, గీతలు పడతాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె అయితే మేలు. బంపర్లకు చింతపండు, అదీ నల్లబడిన పాత చింతపండు. అద్దాలకు తడిపిన పేపరు. చక్రాల సందులకు అరిగిపోయిన పళ్ల బ్రష్షు. టైర్లకు నాలుగు చుక్కలు కొబ్బరినూనె, భద్రమ్మ చూడకుండా. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా ముఖ్యమైనది, సికింద్రాబాదు నుంచి తెప్పించిన మైనం పాలిష్. గుండ్రటి రేకు డబ్బాలో పసుపుపచ్చగా, గట్టిపడిన నెయ్యిలా ఉంటుంది. కారు కొన్న కొత్తలోనే, ఇలాంటి రోజు కోసమని దాన్ని బీరువా మీద దాచాడు.

కుళాయి నీళ్లు వచ్చేది పొద్దున ఏడింటి దాకే. పట్టిన నీళ్లన్నీ కారుకే పోశాడు. తొట్టి ఖాళీ, గంగాళం ఖాళీ, వంటింట్లో తాగడానికి ఒక్క బిందె మిగిలింది. పది దాటేసరికి కారు శుభ్రమైంది గానీ మెరవలేదు. డాక్టరు ఎండలో పెట్టి వాడిన కారు కదా, నలుపు మాసి బూడిద కలిసినట్టు ఉంది. ఫరవాలేదు, మైనం ఉందిగా అని రామలింగం బీరువా మీది డబ్బా దించి మూత తీశాడు.

డబ్బాలో మైనం లేదు. అడుగు కనబడుతోంది. ఎవరో వేలితో గీకి గీకి తీసినట్టు శుభ్రంగా ఉంది.

"ఏమే, దీంట్ల మైనం ఏది?"

"నన్నడుగుతే? ఎండలకు కరిగి ఆవిరైందో ఏమో," అంటూ భద్రమ్మ చీర కుచ్చిళ్లు పాదాల మీదికి సవరించుకుంది.

"మూత పెట్టిన డబ్బాల కెల్లి ఆవిరెట్ల పోతది?"

"గవన్ని నాకేం ఎరుక! మీరే సదువుకున్నోళ్లు."

ఆదివారం దుకాణాలు లేవు. తెరిచి ఉన్నా ఆ మైనం వరంగల్లో దొరకదు. రామలింగం డబ్బా చేతిలో పట్టుకొని అరుగు మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు కొత్తవాడ నుంచి మార్కండేయులు వచ్చాడు. రామలింగం దుకాణానికి జంపఖానాలు నేసేది ఆయనే. గంజి పెట్టడంలో ఆయన చెయ్యి వేరు. వీధిలో పడుగు దారాలు సాగదీసి, జొన్నగంజి పట్టించి కుంచెతో దువ్వాడంటే దారం దారం తళతళలాడుతుంది. ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. ఏ వస్తువు కనిపించినా ముట్టుకొని చూడకపోతే చేతులు ఊరుకోవు.

సేటు కష్టం విని, ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ మీద వేలితో రాసి చూశాడు.

"సేటూ, గింతదానికి ఫికరెందుకు? మెరుపంటే మైనమొక్కటేనా? నా పడుగు సూడలేదా మీరు? గంజి పట్టిచ్చి దువ్వితే అద్దం లెక్క కొడతది."

"అది నూలు, మార్కండేయులూ. ఇది ఇనుము."

"ఇనుముకు గంజి వెట్టి సూసిండ్రా ఎవలన్న?"

ఎవరూ చూడలేదు. ఆ ప్రశ్నే కొంప ముంచింది. పెడితే ఏమవుతుందో చూడాలని మార్కండేయులుకు ఎంత ఉందో, పది నిమిషాల్లో రామలింగానికీ అంత పట్టుకుంది. మార్కండేయులు ఇంటికి పోయి గంజి కుండ, కుంచె తెచ్చాడు. గంజిలో ఒక గరిటె నూనె కలిపాడు. ముందు డిక్కీ మూల జానెడు మేర పట్టించి, కుంచెతో ఒకే వైపు దువ్వాడు. ఇద్దరూ వంగి చూశారు. ఆ జానెడు మేరలో ఇద్దరి ముఖాలూ కనిపించాయి.

"వారెవ్వా!" అన్నాడు రామలింగం.

ఇక ఆగలేదు. పన్నెండింటికల్లా కారు మొత్తానికి గంజి పడింది. నల్ల ఫియట్ నిగనిగలాడుతోంది. వాడకట్టు వాడకట్టంతా వచ్చి చూసింది. "ఏం పాలిషు సేటూ?" అని అడిగితే రామలింగం పెదవి మీద వేలు పెట్టి నవ్వాడు. డోరులో తన నీడను చూసుకుంటూ, "కాళ్లు దులుపుకొని ఎక్కు" అని మెల్లగా అనుకున్నాడు.

"ఆరేదాక దుమ్ము పడనియ్యకుండ్రి. పడుగుకైనా గంతే," అని చెప్పి మార్కండేయులు భోజనానికి పోయాడు.

ఎండాకాలం గాలి, వీధినిండా దుమ్ము. దుమ్ము పడకుండా ఏం కప్పాలి? గుడ్డ కప్పితే నూగు అంటుకుంటుంది. రామలింగం బాగా ఆలోచించి, ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ తెచ్చి కారు నిండా పరిచాడు. పరిచి, అన్నం తిని, కాస్త నడుం వాల్చాడు.

రెండున్నరకు లేచి పేపరు తీయబోతే అంచు చిరిగి చేతికి వచ్చింది. తక్కినది కారుకే ఉండిపోయింది. పాపం, గంజి దాని పని అది చేసింది. ఎడమ డోరు మీద మిర్చి ధరలు, కుడి డోరు మీద వధువు కావలెను ప్రకటనలు, బానెట్ మీద రాశిఫలాలు. పేపరు అంటని చోట గంజి ఎండి, తెల్లగా పెచ్చులు పెచ్చులుగా లేచింది. అప్పటికే ఇద్దరు ముసలాళ్లు కళ్లద్దాలు పెట్టుకొని డోరు చదువుతున్నారు.

"సేటూ, గీ వార్త మిగిలింది ఎనుక డోరు మీదున్నదా?" అని ఒకాయన అడిగాడు.

రామలింగానికి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. కబురు అంది పరుగెత్తుకొచ్చిన మార్కండేయులు, "నీళ్లు కొడితే ఊడిపోతది సేటూ," అన్నాడు. నీళ్లేవీ? బోరింగు దగ్గర బిందెల వరుస వీధి మలుపు దాకా ఉంది. బతిమాలితే రెండు బకెట్లు దొరికాయి. ఆ రెండు బకెట్లకు గంజి ఊడలేదు, నాని చిక్కటి కుడితిలా తయారైంది. వాసన వీధంతా కొట్టింది.

ఆ వాసన మొగిలమ్మ బర్రెకు అందింది. ఎదురింటి ముందు కట్టేసిన బర్రె ఒక్క గుంజు గుంజి పలుపు తెంపుకొచ్చింది. ఎడమ వెనక డోరుతో మొదలుపెట్టి, మిర్చి ధరలతో సహా నాకేసింది. రామలింగం కొట్టబోతే మార్కండేయులు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి సేటూ, ఆగుండ్రి! జర అటు సూడుండ్రి!"

బర్రె నాకిన చోట గంజి లేదు, పేపరు లేదు, మాసిన బూడిద రంగూ లేదు. నల్లగా, నున్నగా, కొత్త కారులా మెరుస్తోంది. నాలుగు నెలల కుంకుడు రసం చేయలేని పని ఆ గరుకు నాలుక చేసింది. ఇద్దరూ చేతులు కట్టుకొని ఆశ్చర్యంగా చూస్తూ నిలబడ్డారు. బర్రె ఎడమ పక్క పూర్తిచేసి, బానెట్ మీది రాశిఫలాలు ముగించి, కుడి పక్కకు తిరిగింది. అంతలో మొగిలమ్మ లబోదిబోమంటూ వచ్చింది.

"ఓ సేటూ! పాలిచ్చే బర్రెకు మోటరు మందు నాకిపిస్తాన్రా? దానికేమన్న అయితే దవాఖానకు నువ్వు తీస్కపోతవా?"

"మందు కాదు మొగిలవ్వా, జొన్నగంజే. ఒక్క పావుగంట ఉండనియ్యి, నీకు పుణ్యముంటది!"

"నీ పుణ్యం సల్లగుండ!" అని మొగిలమ్మ బర్రెను కొమ్ములు పట్టి లాక్కుపోయింది.

మూడూ నలభై. తాగే నీళ్ల బిందె టాపు మీద, అద్దాల మీద కుమ్మరించి తుడిచారు. కుడి పక్క అట్లాగే ఉండిపోయింది, గంజికి బిగుసుకుపోయి ఆ డోరు తెరుచుకోలేదు. భద్రమ్మ వెనక కూర్చుంది. రామలింగం ఎడమ డోరులోంచి ఎక్కి, సీటు మీద జరిగి, స్టీరింగు దగ్గరికి చేరాడు.

స్టేషను ముందు కారు కుడి పక్కను గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, మళ్లీ ఎడమ వైపు నుంచే దిగాడు. బావ సంచి పట్టుకొని బయటికి వచ్చాడు. కారును చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి డోరులో తన మీసం చూసుకున్నాడు.

"అబ్బ! ఏం పెట్టినవు బావా దీనికి?"

రామలింగం తలుపు తీశాడు. బావ కాలెత్తాడు. పన్నెండేళ్ల మాట, పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ గొంతులోకి వచ్చాయి.

"బావా, జర కాళ్లు దులుపుకొని ఎక్కు."

రిక్షావాళ్లు చూస్తున్నారు. లక్ష్మీనారాయణ ఒంటికాలి మీద నిలబడి ఒక చెప్పు దులిపాడు, రెండోది దులిపాడు, ఎక్కాడు. ఇంటిదాకా రామలింగం కారు నడిపాడో, కారే నడిచిందో ఆయనకే తెలియదు.

ఆ సంతోషంలో ఆయన ఒకటి మరిచిపోయాడు. ఇంటి ముందు కారు ఆపీ ఆపగానే, కాచుకొని ఉన్న బర్రె మళ్లీ తాడు తెంపుకొచ్చి కుడి డోరుకు మూతి ఆనించింది. చప్పుడేమిటా అని లక్ష్మీనారాయణ దిగి అటు తిరిగాడు. తెల్లటి పెచ్చులు చూశాడు. వధువు కావలెను ప్రకటనలు చూశాడు. నాకుతున్న బర్రెను చూశాడు. రామలింగం అరుగు మీద కూలబడి, తల దించుకొని, జనగామ వెళ్లాక ఈ కథ ఎంతమందికి చేరుతుందో లెక్కపెట్టుకుంటున్నాడు.

బావ నవ్వలేదు. వచ్చి అరుగు మీద పక్కన కూర్చున్నాడు.

"నీ మైనం డబ్బా కూడ ఖాళీ అయిందా బావా?"

"కూడ అంటే?"

"నావి మూడు డబ్బాలు బావా! తెచ్చింది తెచ్చినట్టే మాయం. అంబాసిడర్ సున్నం గోడ లెక్క అయింది. ఆ మొఖంతోటి దాన్ని నీ ఇంటికెట్ల తేవాలె? అందుకే పాసింజరుకు వచ్చిన. నువ్వేం వాడుతున్నవో చూసి పోదామని వచ్చిన."

అప్పుడు భద్రమ్మ మజ్జిగ చెంబుతో గడప దాటింది. కుచ్చిళ్లు కాస్త పైకి దోపి ఉన్నాయి. సాయంత్రపు ఎండ ఆమె పాదాల మీద పడింది. మడమలు నున్నగా, పసుపుపచ్చగా, ఫియట్ ఎడమ డోరును తలదన్నేలా మెరుస్తున్నాయి. లక్ష్మీనారాయణ ముక్కు ఎగబీల్చాడు. ఆ వాసన ఆయనకు బాగా తెలుసు.

"చెల్లే! గిది మైనం కదనే!"

"అవునన్నా, మైనమే," అంది భద్రమ్మ చెంబు కింద పెట్టి. "ఇది పెడితే మడిమలు మానుతయని వదినకు ఉత్తరం రాసింది కూడ నేనే. మడిమలు పగిలి నెత్తురొస్తుంటే మీరిద్దరు ఎన్నడన్న చూసిండ్రా? కారు మీద గోరంత గీత పడితే దీపం పట్టుకొని చూస్తరు. మీకు మెరిసేది కావాలె. మాకు నొయ్యనిది కావాలె. ఇయ్యాల్టికి మూడు నెలలాయె, నేను నొప్పి లేకుండ నడవవట్టి."

రామలింగానికి పన్నెండేళ్ల సంగతి గుర్తుంది గానీ, భార్య ఎప్పటినుంచి కుంటుతూ నడిచిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. సిగ్గేసింది. ఖాళీ డబ్బా మీది పేరు చూసి, ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కుళాయి నీళ్లు రాగానే బావలిద్దరూ కలిసి కుడి పక్క కడిగారు. మెరుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆరింటికి పాలకుర్తి ప్రయాణం. అందరికన్నా ముందు భద్రమ్మ వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. ఇద్దరూ చెరొక వైపు నుంచి ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"జర కాళ్లు దులుపుకొని ఎక్కుండ్రి."

ఇద్దరూ దులుపుకున్నారు.